పచ్చిక పలచబడింది: ఉన్న గడ్డి మీదే మళ్ళీ విత్తనం చల్లాలనుకుంటున్నాను, సలహా ఇవ్వగలరు

పాలపిట్ట (ఎడిసన్, న్యూజెర్సీ), ఆగస్టు 21

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక సుమారు 3,000 చదరపు అడుగుల పచ్చిక ఉంది. ఇల్లు కొన్న కొత్తలో కాలు పెడితే మెత్తగా దిగబడేంత ఒత్తుగా ఉండే గడ్డి ఏటేటా పలచబడుతూ వచ్చి, ఆరేళ్ళు తిరిగేసరికి మధ్యలో మట్టి కనిపించే స్థితికి చేరింది. ఏప్రిల్‌లో 20 పౌండ్ల విత్తనం సంచి కొని, ఉన్న గడ్డి మీదే చేత్తో చల్లి, రోజూ సాయంత్రం నీళ్ళు పెట్టాను. సగం చోట్ల అసలు మొలకే రాలేదు. వచ్చిన చోట మే నెలంతా కళకళలాడి, జూలై మూడో వారానికి ఎండిపోయింది. నిన్న ఆ ఎండిన గడ్డిని గుప్పిట పట్టి లాగితే ఏ పట్టూ లేకుండా చేతికి వచ్చేసింది. వేరు ఒక అంగుళం కూడా లేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే రెండు అంగుళాలు దాటి నేలలోకి దిగడం లేదు. ఖాళీల నిండా క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి పరుచుకుంది. ఉత్తరపు మూల పెద్ద మేపుల్ చెట్టు కింద అదీ లేదు, వట్టి నేలే.

ఓవర్‌సీడింగ్ (ఉన్న గడ్డి మీదే విత్తనం చల్లడం) చేస్తే ఫలితం ఉంటుందా, లేక అంతా తవ్వేసి కొత్తగా వేయించుకోవలసిందేనా? ఎప్పుడు, ఎంత విత్తనం వేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రైతుబిడ్డ (కేరీ, నార్త్ కరోలినా), ఆగస్టు 21

పాలపిట్ట గారూ, తవ్వవలసిన అవసరం లేదు. పచ్చికలో సగానికి సగం మంచి గడ్డి మిగిలి ఉంటే దాని మధ్య ఖాళీలను పూడ్చుకోవడమే మేలు. మీ విత్తనం చెడ్డది కాకపోవచ్చు. కాలం మీకు కలిసి రాలేదు.

న్యూజెర్సీలో పెరిగే టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్ అన్నీ చలి వాతావరణపు గడ్డి జాతులు. ఏప్రిల్‌లో మొలిచిన పిల్లగడ్డికి వేరు దిగడానికి రెండు మూడు నెలల గడువే దొరుకుతుంది, అంతలోనే జూన్ చివరి ఎండలు మీద పడతాయి. పైగా అదే ఏప్రిల్, మే నెలల్లో క్రాబ్‌గ్రాస్ కూడా మొలుస్తుంది, వేడి దానికి బలం. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా చల్లినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. నేలలో వేసవి వెచ్చదనం ఇంకా ఉంటుంది కాబట్టి మొలక త్వరగా వస్తుంది, పైన గాలి చల్లబడుతుంది కాబట్టి మొక్క వాడదు, తొలి మంచుకు క్రాబ్‌గ్రాస్ దానంతట అదే చస్తుంది. ఆ శరదృతువూ వచ్చే వసంతమూ కలిసి వేసవికి ముందు వేరు దిగడానికి రెండు అదనులు దొరుకుతాయి. మా ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నాం: వినాయక చవితి దగ్గర పడుతోందంటే విత్తనం సంచి ఇంటికి చేరాలి.

ఇక రెండవ విషయం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. విత్తనం మట్టిని తాకాలి. గడ్డి మీద, ఎండు తుక్కు మీద పడిన గింజ తేమకు ఉబ్బి, మొలక తీసి, వేరు పెట్టడానికి మట్టి దొరక్క మధ్యాహ్నానికి ఎండిపోతుంది. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో నువ్వులు చల్లేటప్పుడు గింజకు మూడింతలు ఇసుక కలిపి, పదును చూసి చల్లి, వెంటనే పైపైన మట్టి కప్పించేవారు. చిన్న గింజ కాబట్టి లోతుకు పోకూడదు, పైనా ఉండిపోకూడదు. గడ్డి గింజకూ సరిగ్గా అదే సూత్రం, పావు అంగుళం లోతు చాలు.

వేపచెట్టు (న్యూ బ్రన్స్‌విక్, న్యూజెర్సీ), ఆగస్టు 22

రైతుబిడ్డ గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే సగం చోట్ల అసలు మొలకే రాలేదన్న మాట నన్ను ఆలోచింపజేస్తోంది. పాలపిట్ట గారూ, మార్చి, ఏప్రిల్ నెలల్లో పచ్చికకు ఏదైనా మందు వేయించారా?

పాలపిట్ట, ఆగస్టు 22

వేయించాను. లాన్ సేవలు చేసే ఒక సంస్థ మనుషులు మార్చి నెలాఖరున వచ్చి, క్రాబ్‌గ్రాస్ రాకుండా అంటూ గుళికలు చల్లి వెళ్ళారు. ముందు పెరడు, వెనుక పెరట్లో సగం అయ్యేసరికి గుళికలు అయిపోయాయని, మిగతా సగానికి మళ్ళీ వస్తామని చెప్పి రాలేదు. నేను విత్తనం చల్లబోతున్నానని వారికి ముందే చెప్పాను, అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు.

వేపచెట్టు, ఆగస్టు 22

కారణం అదేనని నా నమ్మకం. ప్రొడయమిన్, డైథయోపిర్ వంటి మందులు గింజ మొలకెత్తే దశలోనే వేరును అణిచివేస్తాయి. అది క్రాబ్‌గ్రాస్ గింజా, మీరు డబ్బు పెట్టి కొన్న ఫెస్క్యూ గింజా అన్న తేడా వాటికి తెలియదు. ప్రభావం సాధారణంగా మూడు నాలుగు నెలలు ఉంటుంది, మోతాదు ఎక్కువైతే ఇంకా నిలుస్తుంది. ఇప్పటికి పోయి ఉండాలి, కానీ పరీక్షించుకోవడం సులువు. మందు పడిన చోటి పైమట్టిని ఒక పెరుగు డబ్బాలో, దుకాణంలో కొన్న కుండీ మట్టిని ఇంకో డబ్బాలో నింపి, రెండింటిలోనూ కొంచెం రైగ్రాస్ గింజలు వేసి కిటికీలో పెట్టండి. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది. రెండు డబ్బాలూ ఒకేలా పచ్చబడితే మీ నేల సిద్ధంగా ఉన్నట్లే.

ఈలోగా మట్టి పరీక్ష చేయించండి. రట్గర్స్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాలకు నమూనా పంపవచ్చు. నేల ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పి.హెచ్. 6.0కు తగ్గితే సున్నం వేయవలసి వస్తుంది, ఎంత వేయాలో నివేదికే చెబుతుంది. ఎరువు విషయంలో మన న్యూజెర్సీలో 2011 నాటి చట్టం ఉందని గుర్తుంచుకోండి. మామూలుగా లాన్లకు భాస్వరం ఉన్న ఎరువు వేయకూడదు. నేలలో లోటు ఉన్నట్లు పరీక్షలో తేలినప్పుడూ, కొత్తగా విత్తనం వేసి పచ్చికను పునరుద్ధరించుకునేటప్పుడూ మినహాయింపు ఉంది కాబట్టి కొత్త మొలకల కోసం భాస్వరం కలిపి అమ్మే స్టార్టర్ ఎరువు మీరు వాడుకోవచ్చు. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా మాత్రం ఇంటివారు ఎరువే వేయరాదు. వాన నీటితో కొట్టుకుపోయిన నత్రజని, భాస్వరం చివరికి చేరేది మన తీరంలోని బార్నెగాట్ అఖాతం వంటి నీళ్ళలోకే కనుక ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

తుంగభద్ర (కొలంబస్, ఒహాయో), ఆగస్టు 23

విత్తనం ఎంపిక గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. సంచి ముందువైపు బొమ్మను చూడకండి, వెనుక కుట్టిన చీటీని చదవండి. అమెరికాలో 1939 నాటి కేంద్ర విత్తన చట్టం ప్రకారం ఏ రకం గింజ ఎంత శాతం ఉందో, మొలక శాతం ఎంతో, పరీక్ష ఎప్పుడు జరిగిందో ఆ చీటీలో ఉండాలి. నేను ముందుగా చూసేది కలుపు విత్తనాల శాతం, ఆ తర్వాత ఇతర పంటల గింజల శాతం. రెండూ సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఏకవార్షిక రైగ్రాస్ కనిపిస్తే సంచిని అక్కడే వదిలేయండి. అది పది రోజుల్లో పచ్చబడి ముచ్చట గొలిపి, మరుసటి వేసవికి చచ్చి మళ్ళీ ఖాళీ మిగులుస్తుంది. ఇంకొకటి, కొన్ని సంచుల్లో గింజకు పూత పూసి ఉంటుంది. పూత బరువు సగం దాకా ఉండవచ్చు, అంటే 20 పౌండ్లకు డబ్బు కట్టి 10 పౌండ్ల గింజ తెచ్చుకున్నట్లు. ఆ సంగతి కూడా చీటీలోనే ఉంటుంది.

చవకగా దొరికే సంచుల్లో కెంటకీ 31 అనే టాల్ ఫెస్క్యూ ఉంటుంది. 1931లో కెంటకీలోని ఒక కొండవాలు పొలంలో గుర్తించి, 1943లో విడుదల చేసిన పాత రకం ఇది. పశువుల మేతకు మంచిదే కానీ ఆకు వెడల్పుగా, మొరటుగా ఉండి సన్నగడ్డి మధ్య కుచ్చులు కుచ్చులుగా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. లాన్ కోసమే వృద్ధి చేసిన సన్న ఆకు రకాలు తర్వాత చాలా వచ్చాయి, వాటిలో మీ రట్గర్స్ వారి కృషి ఎంతో ఉంది. అక్కడి ఆచార్యుడు రీడ్ ఫంక్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో తరతరాలుగా తొక్కుడుకు తట్టుకొని నిలిచిన గడ్డి దుబ్బులను సేకరించి, వాటి నుంచి మాన్‌హట్టన్ అనే రైగ్రాస్ రకాన్ని 1967లో తెచ్చారు. కొత్త విత్తనం కొనే ముందు నేను ఎప్పుడూ ఇది తలచుకుంటాను: మంచి రకం అంటే ఎక్కడో ఒక నేల మీద ఏళ్ళ తరబడి బతికి చూపించిన గడ్డి.

మీకు నా సూచన 90 శాతం టాల్ ఫెస్క్యూ, 10 శాతం కెంటకీ బ్లూగ్రాస్ మిశ్రమం. ఫెస్క్యూ లోతుగా వేరు తన్నుతుంది కానీ దుబ్బుగానే పెరుగుతుంది, పక్కకు పెద్దగా పాకదు. బ్లూగ్రాస్ నేల లోపల కాండాలు పాకించి ఖాళీలను తానే పూడ్చుకుంటుంది. 10 శాతమే కదా అనుకోకండి, ఒక పౌండులో ఫెస్క్యూ గింజలు సుమారు 2 లక్షలు ఉంటే, బ్లూగ్రాస్ గింజలు 10 లక్షలకు పైనే ఉంటాయి. ఓవర్‌సీడింగ్‌కు 1,000 చదరపు అడుగులకు 4 పౌండ్లు చాలు, అంటే మీకు మొత్తం 12 పౌండ్లు. ఏప్రిల్‌లో మీరు వేసిన 20 పౌండ్లు ఎక్కువే. మొలకలు మరీ ఒత్తుగా వస్తే గాలి ఆడక, ఒకదాని నీళ్ళు ఒకటి లాక్కొని, నారుకుళ్ళు పట్టి పోతాయి.

ఫ్రిస్కో బాబాయి (ఫ్రిస్కో, టెక్సాస్), ఆగస్టు 23

మా ఇంటి ముందు ఉన్నది బెర్ముడా గడ్డి. నేను కూడా సెప్టెంబరులో ఈ ఫెస్క్యూ వేయవచ్చా? శీతాకాలం నాలుగు నెలలు గడ్డి గోధుమ రంగులో ఉండటం మా ఇంట్లో ఎవరికీ నచ్చడం లేదు.

రైతుబిడ్డ, ఆగస్టు 23

వద్దు బాబాయిగారూ. బెర్ముడా అంటే మన గరికే, వినాయకుడి పూజకు కోసుకొచ్చే దూర్వ. ఎండ దానికి ప్రాణం. శీతాకాలంలో అది చావదు, నిద్రపోతుంది. పచ్చదనం తప్పనిసరి అయితే అక్టోబరు ప్రాంతంలో రైగ్రాస్ చల్లే వాడుక మీ వైపు ఉంది కానీ, వసంతంలో గరిక మేలుకొనే వేళకు ఈ రైగ్రాస్ నీడా నీళ్ళూ లాక్కొని దాన్ని బలహీనపరుస్తుంది. ఏటా అదే పని చేస్తే అసలు గడ్డి పలచబడుతుంది. మీ గరిక ఒత్తుగా కావాలంటే మే, జూన్ నెలల్లో ఎరువు వేసి, తరచుగా పొట్టిగా కోయండి, అదే పాకుతుంది.

గోరింట (ఆష్‌బర్న్, వర్జీనియా), ఆగస్టు 24

నేల తయారీకి స్లిట్ సీడర్ అద్దెకు తీసుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. అది నేలను సన్నని చాళ్ళుగా చీల్చి ఆ చాళ్ళలోనే గింజ వేస్తుంది కాబట్టి మట్టిని తాకలేదన్న బాధే ఉండదు. నేలలోంచి మట్టి ముక్కలు తీసి కన్నాలు చేసే కోర్ ఏరేటర్ వాడినప్పుడు ఆ కన్నాల్లో పడిన గింజలు మాత్రమే మొలిచి, నా పచ్చిక రెండేళ్ళ క్రితం చుక్కల చీరలా తయారయింది.

వేపచెట్టు, ఆగస్టు 24

గోరింట గారి మాటలో నిజం ఉంది, కానీ పాలపిట్ట గారి నేలకు స్క్రూడ్రైవరే దిగడం లేదు. చాళ్ళలో మొలిచినా వేరు కిందికి పోవాలి కదా. గట్టిపడిన నేలకు ముందు కోర్ ఏరేటర్ పడాలి. గోరింట గారికి వచ్చిన ఇబ్బంది రాకుండా ఒకటికి రెండుసార్లు, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి నడిపి, ఆపైన గట్టి ఇనుప పళ్ళ రేక్‌తో గీసి, పలచగా చివికిన కంపోస్టు కప్పితే కన్నాల మధ్య ఉన్న గింజకు కూడా మట్టి అందుతుంది. పావు అంగుళం మందాన కంపోస్టు వేయాలంటే 3,000 చదరపు అడుగులకు సుమారు రెండుంబావు ఘనపు గజాలు పడుతుంది. ముందుగా కలుపు పీకి, గడ్డిని రెండు అంగుళాలకు కోయండి. ఏరేటర్ నడపడానికి ముందు రోజు నేలను తడపండి, ఎండిన నేలలో గొట్టాలు దిగవు.

పాలపిట్ట, సెప్టెంబరు 8

అందరికీ కృతజ్ఞతలు. డబ్బాల పరీక్షలో రెండూ ఒకేలా మొలిచాయి. మట్టి నివేదికలో పి.హెచ్. 5.6 వచ్చింది, వారు చెప్పిన మోతాదులో సున్నం వేశాను. నిన్న తెల్లవారి ఏడు గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటికి పని ముగించాం. ఏరేటర్ తీసిన మట్టి ముక్కలు బొటనవేలంత ఉన్నాయి. ఒకటి విరిచి చూస్తే పైన అర అంగుళం మాత్రమే నల్లమట్టి, దాని కింద ఇటుక రంగులో వేరన్నది లేని జిగట బంకమన్ను. ఇల్లు కట్టినప్పుడు పునాదుల్లో తవ్విన మన్నునే పైన పరిచి, దాని మీద పలచగా నల్లమట్టి చల్లి గడ్డి వేశారని అప్పుడు అర్థమయింది. ఆరేళ్ళుగా ఆ గడ్డి ఆ అర అంగుళంలోనే బతికింది.

విత్తనాన్ని రైతుబిడ్డ గారు చెప్పినట్లు పొడి ఇసుకతో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా స్ప్రెడర్‌తో చల్లాను. మా అమ్మగారు ఇక్కడే ఉన్నారు. రేక్‌ను తిరగేసి వీపు వైపుతో గీస్తే గింజ చెదరకుండా మట్టిలో కలుస్తుందని ఆవిడే చూపించారు. మేపుల్ కింద మాత్రం నీడకు తట్టుకునే ఫైన్ ఫెస్క్యూ వేరుగా వేశాను. ఇక నీళ్ళ సంగతి చెప్పండి. రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి?

తుంగభద్ర, సెప్టెంబరు 8

పై అర అంగుళం ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ నీరు నిలవకూడదు. మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు. గడియారం కంటే కంపోస్టు రంగును నమ్మండి. నల్లగా ఉంటే తడి ఉన్నట్లు, బూడిద రంగుకు తిరుగుతుంటే ఆలస్యం చేయకూడదు. గింజ ఒకసారి ఉబ్బి మొలక పగిలాక ఒక్క పూట ఎండినా తిరిగి లేవదు. మొలకలు అంగుళం దాటాక సార్లు తగ్గించి, సమయం పెంచుతూ పోండి. వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగేలా చివరికి వారానికి రెండుసార్లు లోతుగా తడిపే దశకు రావాలి. సాయంత్రం పొద్దుపోయాక మాత్రం పెట్టకండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు వస్తుంది.

పాలపిట్ట, సెప్టెంబరు 19

పన్నెండో రోజు. ఉదయం మంచు బిందువుల మీద ఎండ పడినప్పుడు నేలకు చెవి ఆనించినంత కిందికి వంగి చూస్తే ఆకుపచ్చ పొగలా ఉంది, నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. అయితే అక్కడక్కడా అరచేయంత మేర ఖాళీలు ఉన్నాయి. మళ్ళీ విత్తనం వేయనా?

తుంగభద్ర, సెప్టెంబరు 19

తొందరపడకండి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది ఫెస్క్యూ. బ్లూగ్రాస్ మొలవడానికి మూడు, ఒక్కోసారి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది ఇక్కడే నీళ్ళు ఆపేసి ఆ గింజను పోగొట్టుకుంటారు.

పాలపిట్ట, అక్టోబరు 12

ఖాళీలు చాలావరకు పూడుకున్నాయి, వెంట్రుకంత సన్నని రెండో విడత మొలకలు వచ్చాయి. గత శనివారం గడ్డి మూడున్నర అంగుళాలు దాటాక మొదటిసారి కోశాను. మోవర్ బ్లేడు కొత్తగా పదును పెట్టించాను కాబట్టి ఒక్క మొక్క కూడా ఊడి రాలేదు. నిన్న ఒక దుబ్బును తవ్వి చూస్తే వేరు మూడు అంగుళాలు దిగి, కొన్ని కన్నాల వెంట బంకమన్నులోకి కూడా పోయింది. మొదలు దగ్గర రెండేసి పిలకలు కనిపించాయి. చెట్టు కింద మాత్రం సగమే వచ్చింది, ఇప్పుడు మేపుల్ ఆకు రాలి దాన్నీ కప్పేస్తోంది. అక్కడక్కడా వెడల్పాకు కలుపు కూడా ఉంది. కలుపు మందు కొట్టవచ్చా?

వేపచెట్టు, అక్టోబరు 12

కొత్త గడ్డిని కనీసం మూడుసార్లు కోసేదాకా కలుపు మందు జోలికి పోకండి. ఈ కొద్దిపాటి కలుపును చేత్తో పీకేయడమే నయం. రాలిన ఆకును మాత్రం రెండు రోజులకు మించి ఉండనీయకండి. తడిసిన మేపుల్ ఆకు ఒకదానికొకటి అతుక్కుని చాపలా పరుచుకుంటుంది, దాని కింద పిల్లగడ్డి వారంలో పాలిపోతుంది. పళ్ళ రేక్‌తో లాగితే మొక్కలు ఊడతాయి, బ్లోయర్‌ను తక్కువ వేగంలో పెట్టి ఊదండి. ఈ నెలాఖరుకు ఒకసారి నత్రజని ఎరువు పలచగా వేస్తే చలికాలంలోకి బలంగా వెళ్తుంది, నవంబరు 15 గడువు మరచిపోవద్దు. వచ్చే వేసవి నుంచి మూడున్నర, నాలుగు అంగుళాల కంటే పొట్టిగా కోయకండి. ఆకు నీడ నేల మీద పడితే క్రాబ్‌గ్రాస్ గింజకు వెలుగు అందదు.

రైతుబిడ్డ, అక్టోబరు 13

చెట్టు కింద మిగిలిన సగాన్ని ఇప్పుడు కదపవద్దు. మేపుల్ వేళ్ళు పైపైనే ఉంటాయి, తడి అంతా అవే తాగేస్తాయి, ఆకు రాలే కాలమూ ఇదే. మిగిలిన ఫైన్ ఫెస్క్యూ గింజను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి చల్లని పొడి చోట దాచండి. ఫిబ్రవరి చివర్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో అక్కడ చల్లండి. నేల అలా బిగుస్తూ వదులవుతూ నెర్రెలు విచ్చి గింజను తానే లోపలికి తీసుకుంటుంది, చెట్టు చిగురించేలోపు మొలకకు కొంత కాలం వెలుగు దొరుకుతుంది. ఆ ఒక్క మూలలో మాత్రం వసంతంలో క్రాబ్‌గ్రాస్ మందు వేయనీయకండి. ఈసారి వచ్చే మనుషులకు నోటి మాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.

పాలపిట్ట, అక్టోబరు 13

అలాగే చేస్తాను. మూల చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టాను. గింజ పౌండున్నర మిగిలింది, డబ్బా మీద తేదీ రాసి నేలమాళిగలో పెట్టాను. ఫిబ్రవరిలో చల్లాక ఇక్కడే రాస్తాను.